మా నూతి పేరు రాసిన సీసా

చాలా ఏళ్లుగా ఒక సీసాడు నీళ్లు మోస్తున్నాను. సీసా ఇప్పుడు లేదు, బరువు ఉంది. మా ఆవిడకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను.

మాది ఉద్దానంలో, కవిటి దగ్గర, కొబ్బరితోటల మధ్య ఊరు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, మా వైపు ఇంతమందికి కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో చూద్దామని జర్మనీ నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. నూతుల నీళ్లు సీసాల్లో పట్టి పరీక్షకు పట్టుకెళ్లేవాడు. నాకు కాస్త ఇంగ్లీషు వచ్చని ఆయన వెంట నన్ను పెట్టారు.

ఒకరోజు మా తోటలో బొండం తాగుతూ తన ఊరి సంగతి చెప్పాడు. నలభై గడపల పల్లె. రాతి చర్చి, బంగాళాదుంప చేలు, పాడి ఆవులు. ఎగువనున్న రంగుల మిల్లు తన మురుగును వాళ్ల వాగులోకి వదిలేదట. వాగు పక్క బావిలో నీళ్ల రుచి మారినా, బయటికి తెలిస్తే తమ ఊరి పాలు ఎవరూ కొనరని పెద్దలంతా నోరు మూసుకున్నారట. ఆ నీళ్లు తాగి పోయినవాళ్లలో ఆయన తల్లి ఒకరు. నేను తలూపాను. నాకు అర్థం కాలేదని చెప్పుకోవడానికి లేదు. ప్రతి మాటా అర్థమైంది.

మర్నాడు ఆయనకు జ్వరం వచ్చింది. మిగిలిన సీసాలు నన్నే నింపమన్నాడు. అప్పటికి మా చెల్లికి టెక్కలి వైపు సంబంధం చూస్తున్నాం. మా ఉద్దానానికి పెళ్లిచూపులకు వచ్చేవాళ్లు పిల్లను చూడకముందే ఏ నూతి నీళ్లు తాగుతారని అడుగుతారు. మా నీళ్లు చెడ్డవని కాగితం మీద పడితే మా పిల్లను ఎవరు చేసుకుంటారు? సైకిలెక్కి సోంపేట వెళ్లాను. అక్కడి కుళాయి నీళ్లు పట్టి, సీసా మీద మా నూతి పేరు రాశాను. మిగతా సీసాలతో కలిపి ఆయనకిచ్చాను.

కొన్ని నెలలకు ఉత్తరం వచ్చింది, మా నూతి నీళ్లు బాగున్నాయని. మా అన్నయ్య భార్య భయపడి అప్పటికే ఆ నీళ్లు మానేసి, పొరుగూరి నుంచి మోసుకొస్తోంది. గుమ్మంలో బిందె దించి నన్ను అడిగింది.

"కాయితంలో ఏటి రాసినారు మరిదీ?"

"మంచివేనంట వొదినా."

"కాయితం సంగతి కాదు, నువ్వు సెప్పు. తాగొచ్చా?"

"తాగొచ్చు."

"అయితే రేపట్నుంచి అంత దూరం ఎల్లను."

వెళ్లలేదు. చెల్లి పెళ్లయింది. వదినకు నాలుగేళ్లకు కాళ్లు వాచాయి, ఆరో ఏట పోయింది. ఆ నీళ్ల వల్లేనా? తెలియదు. నేనూ అవే తాగాను, నాకేమీ కాలేదు. తెలుసుకోవడానికి ఉన్న ఒక్క దారినీ ఆ కుళాయి కింద నేనే మూసేశాను, ఇక ఎన్నిసార్లు ప్రశ్నించుకున్నా నాకు జవాబు రాదు.

చివరి రోజుల్లో డాక్టరు ఆమెకు గుక్కలు లెక్కపెట్టి నీళ్లు తాగమన్నాడు. ఎవరు గ్లాసు అందించినా ఏ నీళ్లని అడిగేది. నేనిస్తే అడక్కుండా తాగేది.

ఆ సీసాలోవి మా నూతి నీళ్లు కావు వదినా. ఇన్నాళ్లకు ఈ మాట బయటికి వచ్చింది, అంతే.