ఓడ వంటవాడి ఇంట్లో ఇసక

తెల్లవారకముందే లేచి ఇల్లు తుడవడం పెంచలనరసింహం పని. ఆత్మకూరులో ఆ వీధి మొత్తానికి మొగవాడు మాపు కర్ర పట్టే ఇల్లు అదొక్కటే. నేవీలో ఓడ వంటవాడిగా పదిహేనేళ్ళు చేసి, రిటైరై వచ్చి బ్యాంకులో గార్డుగా చేరాడు గాని ఓడ అలవాటు మాత్రం వదల్లేదు. ఒక బకెట్టులో ఫినాయిలు నీళ్ళు, ఇంకో బకెట్టులో ఉత్త నీళ్ళు పెట్టుకుని, లుంగీ ఎగ్గట్టి, కూనిరాగం తీస్తూ వంటింట్లో మొదలుపెట్టి వసారా దాకా వచ్చేవాడు.

ఎదురింటి శీనమ్మ కళ్ళాపి చల్లుతూ అడిగేది. "ఏం అబ్బయ్యా, ఓడ బయల్దేరిందా?"

"లంగరు ఎత్తేసినాం పెద్దమ్మా. ఎక్కేదుంటే కాళ్ళు కడుక్కోని ఎక్కు."

పిల్లలు హర్ష, మేఘన కావాలనే తడి బండల మీద జారేవాళ్ళు. జారినందుకు వాళ్ళ మీద చారెడు నీళ్ళు చల్లేవాడు. నీళ్ళు పడాలనే వాళ్ళు జారేది.

ఇప్పుడు ఇల్లు తుడిచేది ఆయన భార్య వసంతకుమారి. పొద్దున ఒకసారి, పిల్లలు బడికి పోయాక ఒకసారి, మనసు బాగా లేకపోతే సాయంత్రం మళ్ళీ. కూనిరాగం లేదు. బండలు ఆరేదాకా పిల్లలు వీధిలోనే నిలబడాలి. ఆరిన తర్వాత కూడా వాళ్ళు ఆ ఇంట్లో మునివేళ్ళ మీద నడుస్తారు.

అత్త పిచ్చమ్మది ఉదయగిరి. ఊరికి పోయిన మనిషి వెనకాలే ఇల్లు ఊడిస్తే ఆమె ఒప్పుకునేది కాదు. కొడుకు సెలవు అయిపోయి ఓడకు బయల్దేరిన ప్రతిసారీ ఆ రోజంతా చీపురు మూలనే ఉండేది. "వాడు నడిచి పోయిన దారి ఊడ్చేస్తే మళ్ళా ఎట్టా వస్తాడు మే?" అని కోడలికి చెప్పేది. కొత్తలో వసంతకుమారి నవ్వుకుంది. పోను పోను ఆమే చీపురు దాచిపెట్టేది.

మనిషి పోయిన ఇంట్లో మాత్రం ఆచారం తిరగబడుతుంది. శవం గడప దాటీ దాటగానే ఇల్లంతా ఊడ్చి కడిగేయాలి. నిరుడు గుండెపోటుతో పెంచలనరసింహం పోయిన రోజు వీధి ఆడవాళ్ళు వచ్చి ఆ పని చేశారు. వసంతకుమారి గోడకు ఆనుకుని నీళ్ళు గడప దాటి పోవడం చూస్తూ ఉండిపోయింది. ఆ తర్వాత బకెట్టు తానే పట్టుకుంది. ఆ రోజు మొదలైన కడుగుడు ఇంకా ఆగలేదు.

ఆయన మాట ఎవరైనా ఎత్తితే ఆమె ఏడవదు, కోప్పడదు. లేచి బకెట్టు దగ్గరకు పోతుంది. అది చూసి చూసి హర్ష నాన్న సంగతి ఎత్తడం మానేశాడు. వాడి వెనకాల మేఘన కూడా.

ఒకనాడు మేఘన అవ్వ చెవి దగ్గర నోరు పెట్టి అడిగింది. "అవ్వా, నాన్న ఎట్టా నవ్వేవాడు?"

పిచ్చమ్మ ఆ పిల్లను ఒళ్ళోకి లాక్కుంది. సంవత్సరీకం అయిన వారానికి కోడలిని పిలిచి కూర్చోబెట్టింది.

"పిల్లకాయల్ని విశాఖపట్నం తీసుకోని పో."

"ఎందుకత్తా?"

"ఆడ సముద్రం ఒడ్డున నేవీ వాళ్ళ యుద్ధ స్మారకం ఉండాది, చూపిస్తానని వాడు పిల్లకాయలకు చెప్పినాడు గదా."

"ఆయన యుద్ధంలో పోలేదు గదత్తా. ఆడ ఏముండాది మనది?"

"ఏమీ లేకపోతే సముద్రం చూసి రాండి. బిడ్డ వాళ్ళ నాయన నవ్వు మరిచిపోతా ఉండాది వసంతా. నువ్వు ఇల్లు కడుగుతున్నానని అనుకుంటున్నావు. వాడిని కడిగేస్తా ఉండావు."

వసంతకుమారి లేచింది. బకెట్టు దాకా పోయి, దాని చెవి పట్టుకుని, చాలాసేపు వంగినట్టే నిలబడింది. తర్వాత పెట్టె దించింది.

బయల్దేరే రోజు పిచ్చమ్మ గడపలో నిలబడి, "చీపురు ముట్టనులే, నిమ్మళంగా పోయి రాండి" అంది.

నెల్లూరు దాకా బస్సు, అక్కడి నుంచి రైలు. దారి పొడుగునా హర్ష కిటికీ వైపు, మేఘన అమ్మ ఒడిలో. హర్ష తన కాళ్ళకు నాన్న గుడ్డ బూట్లు వేసుకున్నాడు. వేళ్ళ దగ్గర గుడ్డలు కుక్కినా వదులుగానే ఉన్నాయి. 

స్మారకం దగ్గర ఎండ, గాలి, జనం. ఎవరో పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు ఫొటోలు దిగుతున్నారు. మొక్కజొన్న కండెలు కాల్చే బండి నుంచి పొగ వస్తోంది. వెనకాలే సముద్రం. మేఘన స్మారకం రాతి చుట్టూ తిరిగి వచ్చింది.

"అమ్మా, నాన్న పేరు ఎక్కడుండాది?"

హర్ష చెల్లెలి చెయ్యి గట్టిగా పట్టుకుని లాగాడు. "అడగబాక" అన్నాడు గొంతు తగ్గించి. అని, అమ్మ ముఖం వంక భయంగా చూశాడు.

వసంతకుమారి చూపు కిందికి దిగింది. స్మారకం చుట్టూ కట్టిన గట్టు మీద సన్నని ఇసక పొర పరుచుకుని ఉంది. ఆమె కూర్చుని, కొంగు కొస చేత పట్టుకుని ఆ ఇసక తుడవడం మొదలుపెట్టింది. తుడిచిన చోటికే గాలి మళ్ళీ ఇసక తెచ్చింది. మళ్ళీ తుడిచింది. పిల్లలిద్దరూ పక్కన నిలబడిపోయారు.

అక్కడ ఊడ్చే ఆమె పొడుగు చీపురు ఆనించి కాసేపు చూసింది.

"ఏటమ్మా, నా ఉజ్జోగానికి ఎసరెడతావా ఏటి?" అంది. "నాను పొద్దున్న ఊడ్సినాను, ఇప్పుడూ ఊడ్సినాను. సముద్రం పక్కనుండి ఇసక రావద్దంటే ఇంటాదేటి? కొంగు పాడు సేసుకోకు."

వసంతకుమారికి నవ్వు వచ్చింది. ఎక్కడో లోపలి నుంచి, దగ్గులాగా వచ్చింది. పిల్లలు ఆ నవ్వు విని ఏడాది దాటింది. ఆమె కొంగు దులుపుకుని గట్టు మీదే కూర్చుంది. చెరో పక్క పిల్లల్ని కూర్చోబెట్టుకుంది.

"మీ నాన్న పేరు ఇక్కడుండదమ్మా. ఇది యుద్ధం చేసినోళ్ళది. మీ నాన్న ఓడలో వంట చేసినాడు. ఒకసారి ఏమయిందో తెలుసా? సముద్రం పొంగుమీదున్న రోజు ఓడంతటికీ ఉప్మా చేసినాడంట. దించే వేళకి ఓడ ఇట్టా ఒరిగిందంట."

"అప్పుడు?" అంది మేఘన.

"ఉప్మా అంతా గోడకి. ఆఫీసరు వచ్చి ఇదేంది అంటే, సముద్రానికి ఆకలేసింది సార్ అన్నాడంట. ఆ పొద్దు నుంచి ఓడలో ఆయన పేరు ఉప్మానే. మీకు చెప్పబాకని నా చేత ఒట్టు పెట్టించుకున్నాడు."

హర్ష ఫక్కున నవ్వాడు. నవ్వుతూనే తల మోకాళ్ళలో పెట్టుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. వసంతకుమారి వాడి వీపు మీద చెయ్యి వేసి ఉంచింది.

"నాన్న అట్టనే నవ్వేవాడు మేఘనా. తల దించుకోని, భుజాలు ఎగరేస్తా. మీ అన్నను చూడు."

మేఘన వంగి అన్న ముఖంలోకి తొంగి చూసింది.

ఆ తర్వాత ముగ్గురూ గట్టు దిగి, అలల్లో మోకాలి లోతు దిగారు.

మర్నాడు పొద్దున ఆత్మకూరులో బస్సు దిగి ఇంటికి వచ్చేసరికి ఇల్లు తుడిచే వేళే అయింది. అలవాటు కొద్దీ పిల్లలు వసారా ముందే ఆగిపోయారు. బట్టల నిండా ఇసక.

"ఆడనే నిలబడినారేంది? లోపలికి రాండి" అంది వసంతకుమారి.

హర్ష వసారాలోకి వచ్చి బూట్లు విప్పాడు. ఒక్కొక్క దాంట్లోంచి గుప్పెడు ఇసక కడప బండల మీద పడింది. మేఘన గౌను జేబులోంచి ఇంకాస్త రాలింది. ఇద్దరూ బిగుసుకుపోయి అమ్మను చూశారు.

పిచ్చమ్మ మూల నుంచి చీపురు అందుకుంది. "నేను ఊడుస్తాలే. నువ్వు అలిసిపోయినావు."

"వద్దత్తా, ఉండనీ. ఊరికి పోయినోళ్ళ వెనకాల ఊడవకూడదని నువ్వే గదా అన్నావు."

"ఎవురు పోయినారు మే? మీరు వచ్చినారు గదా."

అని, ఆ మాట నోట్లో ఉండగానే కొడుకు బూట్లు కంటపడి పిచ్చమ్మకు అర్థమయింది. చీపురు మెల్లగా గోడకు ఆనించి, అక్కడే చతికిలబడింది.

"అవ్వా, నాన్నని ఓడలో ఏమని పిలిచేవాళ్ళో నీకు తెలుసా?" అంటూ మేఘన పరుగెత్తుకుంటూ వచ్చింది. పాదాల కింద ఇసక కరకరమంది.

వసంతకుమారి పొయ్యి వెలిగించి టీకి నీళ్ళు పెట్టింది. పెరట్లో బకెట్లు రెండూ బోర్లించినవి బోర్లించినట్టే ఉన్నాయి.