గొర్రెలు గుర్తుపట్టని గొంతు

సహోదరులారా, సహోదరీలారా, నా మాట మీకు సరిగా వినిపించదు, వెనక కూర్చున్నవాళ్లు కాస్త ముందుకు జరిగితే మీకూ సుఖం, నాకూ సుఖం. ఈ గొంతు సంగతే చెప్పమని పాస్టరు అయ్యగారు నన్ను నిలబెట్టారు. నలుగురిలో చెప్పుకోవడం నాకు పెద్దగా ఇష్టం లేదు గాని, దేవుడు చేసిన మేలును దాచుకోవడం కూడా న్యాయం కాదు.

మాది రఘునాథపల్లి దగ్గర ఒక పల్లె. మేము కురుమలం, గొర్రెలే మా బతుకు, మా కులానికి నేను పెద్దమనిషిని. ఆ పెద్దరికం నాకు తెలివితో వచ్చింది కాదు, గొంతుతో వచ్చింది. గుట్ట మీద నిలబడి ఒక్క కేక వేస్తే అవతల ఎక్కడో మేస్తున్న మంద తలెత్తి నా వైపు కదిలేది. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో మావాళ్లను వెంటబెట్టుకుని జనగామ రోడ్డెక్కి నినాదాలిస్తే, ఈయనుండగా మైకు ఎందుకని చదువుకునే పిల్లలు నవ్వారు. పంచాయతీలో ఇద్దరు కొట్లాడుకుంటే నేను ఆ ఇద్దరికంటే గట్టిగా అరిచేవాణ్ని, దాన్నే అందరూ తీర్పు అనేవాళ్లు.

ఉద్యమం సద్దుమణిగిన కొన్నేళ్లకు నా గొంతు బొంగురుపోయింది. దిష్టి అన్నారు, తీయించాం. పసర్లు తాగాను, మొక్కులు మొక్కాం, చివరికి గంజి కూడా దిగనప్పుడు జనగామ దవాఖానకు పోతే వాళ్లు వరంగల్ పొమ్మన్నారు. అక్కడ డాక్టరు గొంతులో గడ్డ ఉందని, కోసి తీయాలని, తీశాక మనిషి దక్కినా మాట దక్కుతుందో లేదో చెప్పలేనని అన్నాడు. సహోదరులారా, చావుకు భయపడ్డాను, అబద్ధమెందుకు, కాని అంతకంటే ఎక్కువ మాటకు భయపడ్డాను. పిలవలేని కాపరికి మంద ఉండదు, మంద లేని కురుమను పెద్దమనిషి అని ఎవరంటారు?

ఆ వార్డుకు ఒక పాస్టరమ్మ వచ్చి రోగుల దగ్గర ప్రార్థన చేసేది. నా భార్య ఐలమ్మ ఆమె పక్కన కూర్చుని ప్రార్థన నేర్చుకుంది. మన ఇంట ఇవన్నీ ఏమిటని కేకలేద్దామనుకున్నాను, కేక వేయడానికి గొంతు లేదు. ఆపరేషన్‌కు తీసుకుపోయే ముందు ఐలమ్మ నా మంచం పట్టుకుని అందరూ వినేట్టే ప్రార్థించింది. "యేసయ్యా, గీయనకు గొంతు ఇస్తవో ఇయ్యవో నీ ఇష్టం, మనిషినైతే నాకు తిరిగియ్యి. గొర్లను నేను చూసుకుంట, గీయనను నువ్వు చూసుకో."

నేను కూడా కళ్లు మూసుకుని లోపలే అనుకున్నాను. "నువ్వెవరివో నాకు తెల్వది. లోపల అనుకున్నది గూడ నీకు ఇనబడతదట. ఇనబడితే నన్ను బతికియ్యి. గొంతు లేకుంట గొర్లకాడ నేనేం చెయ్యాల్నో గది గూడ చెప్పు." ఇదే నా మొదటి ప్రార్థన, ఇందులో భక్తి ఎంత ఉందో మీరే చూడండి.

బతికాను, దేవునికే మహిమ. కాని మాట రాలేదు. ఇంటికొచ్చాక మా కులంలో ఇద్దరు అన్నదమ్ములకు దొడ్డి దగ్గర తగాదా వస్తే, వరుసకు తమ్ముడయ్యే కొమురయ్య వచ్చి, "అన్నా, నువ్వు మాట్లాడకున్నా మంచిదే, జర వచ్చి కూసో" అన్నాడు. పోయి కూర్చున్నాను. వాళ్లు అరిచారు, నేను చూస్తూ ఉన్నాను, ఇంకాసేపు అరిచారు, చివరికి పెద్దోడే సిగ్గుపడి దొడ్డి తమ్ముడికి వదిలేశాడు. అన్నేళ్లు నేను ఎందుకు అరిచానో అప్పుడు నాకు అర్థం కాలేదు.

ఎండాకాలం మేపుకు మావాళ్లు భూపాలపల్లి అడవులకు మందలు తోలుకుపోతారు. ఆడవాళ్లు పోయే ఆచారం మాలో లేదు, ఐలమ్మ ఎవర్నీ అడగకుండా గొంగడి భుజాన వేసుకుని పోయింది. ఆమె పోయాక నాకు మెల్లగా గొంతు వచ్చింది, మీరు వింటున్న ఈ గొంతే. ఇక ఆగలేక, నా మందను నేనే తోలుకొస్తానని బస్సెక్కి, నడిచి, వాళ్లున్న వాగు దగ్గరకు చేరాను. అప్పుడే నీళ్లకు దిగి మా మంద, కొమురయ్య మంద కలిసిపోయి ఉన్నాయి. అలా కలిసినప్పుడు మేము కొట్టి విడదీయం, ఎవరికి వారు పక్కకు పోయి పిలుస్తాం, ఎవరివి వాళ్ల దగ్గరకు వస్తాయి. నేను గట్టెక్కి పిలిచాను. ఒక్కటి కూడా తలెత్తలేదు. మళ్లీ పిలిచాను. నేను చేతిలో పెంచినవి, పేరుపేరునా నాకు తెలిసినవి, నన్ను చూసి కూడా నీళ్లు తాగుతూనే ఉన్నాయి. కొమురయ్య నా మొహం చూడలేక అటు తిరిగాడు. అప్పుడు ఐలమ్మ చిన్నగా పిలిచింది, మంద మొత్తం నీళ్లలోంచి లేచి ఆమె దగ్గరకు నడిచింది.

ఆ గట్టు మీదే కూర్చుని ఏడ్చాను. ఐలమ్మ వచ్చి, "గవి నిన్ను కాదన్నట్టు కాదు, నా గొంతుకు అలవాటు పడ్డయి. నేను ముందు నడుస్త, నువ్వు ఎనుక రా, కుంటివి ఆగిపోతే ఎత్తుకో" అంది. మందకు ముందు తప్ప ఎప్పుడూ నడవనివాణ్ని, ఆ రోజు దుమ్ములో వెనక నడిచాను, ఒక కుంటిపిల్లను ఎత్తుకుని. సగం దూరం పోయాక గుర్తొచ్చింది, గొంతు లేకుండా గొర్రెల దగ్గర ఏం చేయాలో చెప్పమని నేనే అడిగాను కదా. జవాబు వచ్చింది. వెనక నడవమన్నాడు.

ఆ వానాకాలమే ఇద్దరం బాప్తిస్మం తీసుకున్నాం. కులపెద్దరికం కొమురయ్యకు అప్పగించాను, బాగానే చేస్తున్నాడు, నాకంటే తక్కువ అరుస్తాడు. ఆ ఏడాది పుట్టిన గొర్రెపిల్లలు నా పాత గొంతు ఎరగవు, కాబట్టి ఈ గొంతుకే వచ్చేవి. ముసలి గొర్రెలు మాత్రం ఆఖరిదాకా ఐలమ్మ వెంటే పోయాయి, నేనూ వాటితోపాటే పోయాను. సహోదరులారా, ముందు నడిచీ నడిచీ అలసిపోయినవాళ్లు మీలో ఎవరైనా ఉంటే, ఆయనను ముందు నడవనివ్వండి. వెనక దుమ్ము ఉంటుంది, నిజమే, కాని దారి వెతుక్కునే పని ఉండదు.