వదిన తరఫున ఒక లీవు

మా కోడలు ఇంట్లో కూర్చుని ఉద్యోగం చేస్తుంది. అది ఏం ఉద్యోగమో అర్థం కావడానికి నాకు చాలా రోజులు పట్టింది.

మిల్లుల్లో పనివాళ్ల హాజరు, లీవు, జీతం అన్నీ ఇప్పుడు ఒక సాఫ్ట్‌వేర్‌లో ఉంటాయి. దాన్ని హెచ్‌ఆర్ సాఫ్ట్‌వేర్ అంటారట. పనివాళ్లు ఫోన్లో చెప్పింది విని, ఆ సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్లి పని చేసుకొచ్చే మనిషి కాని మనిషి ఒకటి వచ్చింది. దాని పేరు ఏజెంటు. అది ఎందులోకి వెళ్లాలి, ఏది ముట్టుకోకూడదు, ఎవరిని అడగకుండా ఏ పని చేయకూడదు అని ఎవరో సూచనలు రాసిస్తారు. ఆ సూచనలు సరిగ్గా ఉన్నాయా లేవా అని తేల్చడం మా కోడలి పని.

"అత్తలు చేసేదే కదా ఇది? ముందు పని చెప్పేది, చేసినాక తప్పు పట్టేది" అన్నాను.

"ఆమా, అంతే అత్తా. అయితే ఇది నాలాగ ఎదురు మాట్లాడదు" అంది.

నాకు అక్షరాలు ముసలితనంలో వచ్చాయి. ముందు అరవం, ఆ తర్వాత తెలుగు. పుట్టినప్పటి నుంచి మాట్లాడిన భాషను రాయడం చివర నేర్చుకున్నదాన్ని. అందుకే కనబడిన కాగితాన్నల్లా గట్టిగా చదువుతాను. కోడలికి అది విసుగు. కానీ ఆ రోజు తనే పిలిచింది. మా రాజపాళయంలో ఊరంతా అరవమైనా ఇంట తెలుగు మాట్లాడే పనివాళ్లు ఉన్నారని సూచనలకు తెలుగు కాపీ కూడా వచ్చిందట.

"ఒక్కొక్కటిగా చదువు అత్తా. మిల్లుకు పోయినదానివి నువ్వు. యాడ అడ్డం పడినా చెప్పు" అంది.

చదివాను. ఒకరి జీతం సంగతి ఇంకొకరికి చెప్పకూడదు అని ఉంది. మంచిదే. మా కాలంలో తాగుబోతు మొగుళ్లు ఆ సంగతి కనుక్కోవడానికే గేటు దగ్గర కాచుకునేవాళ్లు. తెలియనిది తెలిసినట్టు చెప్పకూడదు అని ఉంది. ఇది మా మేస్త్రీకి ఎవరూ చెప్పలేదు.

ఆ తర్వాతది చదివి ఆగిపోయాను. లీవు ఎవరికి కావాలో వాళ్లే అడగాలి. వాళ్ల తరఫున ఇంకొకరు అడిగితే, అసలు మనిషి ఫోన్‌కు ఒక నంబరు పంపి, దాన్ని చెప్పించుకోవాలి. చెప్పకపోతే పనికి రాలేదని గుర్తు వేయాలి.

"ఏమి అత్తా, అక్షరం తెలియలేదా?"

"అక్షరం తెలిసింది. చావు ఇంట్లో ఫోను మోగితే ఎవురు తీసేది?"

మాలో చావు జరిగిన ఇంటివాళ్లు కర్మ అయ్యేదాకా గడప దాటి ఎవరినీ ఏమీ అడగరు. వాళ్లకు కావలసిందేదైనా పక్కవాళ్లే వెళ్లి చెప్పాలి. మా ఆయన పోయిన రోజు నా లీవు చెప్పింది వదిన.

స్పిన్నింగ్ మిల్లులో నా పక్క ఫ్రేము, అంటే నూలు వడికే మిషను, ఆమెది. ఊరు తళవాయిపురం. ఆమె నన్ను వదినా అనేది, నేనూ ఆమెను వదినా అనేదాన్ని. చుట్టరికం ఏమీ లేదు. ఆ రోజు, హాజరు వేసే టైమ్ ఆఫీసు కిటికీ దగ్గర నిలబడి, "వదిన రాదు. కర్మ అయినాకనే వస్తుంది. అంతదాకా ఆమె ఫ్రేము ఎవురికీ ఇవ్వొద్దు" అని చెప్పిందట.

"చెప్పేదానికి నువ్వు ఎవురు?" అన్నాడట గుమాస్తా.

"నేను కాకపోతే ఎవురు చెప్పేది? పోయినాయన లేచొచ్చి చెప్తాడా?"

నేను మళ్లీ పనికి వచ్చినప్పుడు, నా జుట్టులో చిక్కుకున్న దూది ఏరుతూ ఈ మాట తనే చెప్పింది. ఆయన పోయాక నేను నవ్వింది అప్పుడే. అంత మొరటుగా నన్ను ఎవరూ ఓదార్చలేదు.

వదిన కిందటేడు చనిపోయింది. ఆమె కోసం ఆ కిటికీ దగ్గర నిలబడే పని నాకు ఎప్పుడూ పడలేదు. అప్పటికి ఇద్దరమూ మిల్లు మానేశాం. ఇప్పటికీ తళవాయిపురం బస్సు ఆగితే దిగేవాళ్లలో వెతుకుతాను. లేదని నాకు తెలుసు, కళ్లకు తెలియదు.

ఇదంతా కోడలికి చెప్పాను.

"సరి అత్తా, ఒకటి అడుగుతాను. పగ పట్టినది ఎవుతైనా ఫోను చేసి, ఫలానా ఆమె రాదని చెప్తే? పాపం, ఆమె పనికి పోయేటప్పటికి ఆమె ఫ్రేము దగ్గర ఇంకొకతె ఉంటాది కదా?"

కొళాయి దగ్గర తగాదా పడి ఒకామె సరిగ్గా అదే పని చేసింది, నా కళ్లతో చూశాను. మా కోడలికి ఊరికే ఇవ్వడం లేదు జీతం.

చాలాసేపు ఆలోచించి ఆ సూచన కొట్టేసి వేరేది రాసింది. ఇంకొకరు చెప్తే, చెప్పిన మాటను మాత్రం రాసుకోవాలి. లీవు అనీ వేయకూడదు, రాలేదనీ వేయకూడదు. చావు అంటే ఆ ఇంటికి ఫోను చేయకూడదు. ఆఫీసులో ఒక మనిషికి తెలియజేయాలి. ఆమె పనికి వచ్చినాక ఆమెనే అడగాలి, అంతదాకా ఆమె చోటు కదిలించకూడదు.

"పైవాళ్లు ఒప్పుకొంటారో లేదో. ముందు పని చేస్తుందా చూద్దాం. నువ్వే మాట్లాడు అత్తా. ఇది నిజం మిల్లు కాదు, పరీక్షకు పెట్టుకున్నది. ఎవురిదైనా ఒక పేరు చెప్పు, ఎక్కిస్తాను."

ఏదో ఒక పేరు చెబుదామనుకున్నాను. నోట్లోంచి వదిన పేరే వచ్చింది. కోడలు నా మొహం చూసి, ఎక్కించింది.

ఫోను నోటి దగ్గర పెట్టుకుని పేరు చెప్పాను. "ఆమె రాదు" అన్నాను. ఫ్రేముల మోతలో మాట్లాడినట్టు గట్టిగా వచ్చింది గొంతు.

"మీరు ఆమెకు ఏమవుతారు?" అని అడిగింది ఏజెంటు. తెలుగే, కానీ మా తెలుగు కాదు.

"వదినను."

"కారణం చెప్పగలరా?"

"చావు."

ఎవరిదని అది అడగలేదు. ఇలా చెప్పింది: "అలాగేనండీ, రాసుకున్నాను. ఇంటికి ఫోన్ చేయను. ఆమె వచ్చాక ఆమెనే అడుగుతాను. అంతవరకు ఆమె చోటు అలాగే ఉంటుంది."

"సరిగ్గా చెప్పినాదే!" అని కోడలు చేతులు తట్టింది. తను రాసిన సూచనను పైవాళ్లకు పంపేసింది. తర్వాత, పరీక్ష కోసం ఎక్కించిన పేర్లన్నీ వరసగా తీసేయడం మొదలుపెట్టింది. ఉంచకూడదట.

"ఆ ఒక్క పేరు ఉండనీ" అన్నాను.

"ఏంటికి అత్తా?"

"వచ్చినాక అడుగుతానని చెప్పింది కదా. అడగనీ."