బీట మీద అతికిన గాజు

ఉద్యోగంలో చేరిన కొత్తలో సెలవు దొరికితే శుక్రవారమే ఇంటికి వచ్చేదాన్ని. మహారాష్ట్రలోని మా ఊరు భివండీలో ఆ రోజు మరమగ్గాలకు కరెంటు సెలవు. మిగతా రోజుల్లో మా పేట పద్మనగర్‌లో పక్కవాడి మాట కూడా వినపడదు. శుక్రవారమైతే మా బాపు తీరికగా కూర్చుని మాట్లాడేవాడు. అందుకే రెండేళ్ళపాటు మా ఇంటి పైకప్పు ఎలా అదురుతోందో నాకు తెలియలేదు.

నేను నీటిపారుదల శాఖలో జూనియర్ ఇంజనీర్ని. కొండను తొలిచి నీళ్ళు మళ్ళించి కరెంటు తీసే ప్రాజెక్టులో పని. సొరంగం గోడల్లో ఎక్కడ బీట కనిపించినా దాని మీద అడ్డంగా సన్నని గాజుముక్క పెట్టి, రెండు చివర్లా ప్లాస్టర్‌తో అతికి, తేదీ రాసేవాళ్ళం. గాజు పగిలిందంటే బీట ఇంకా కదులుతోందని అర్థం. వారానికోసారి దీపం పట్టుకుని ఆ గాజులన్నీ చూసి రావడం నా వంతు.

ఒకసారి ఠాణేలో ఆఫీసు పని పడి బుధవారం ఇంటికి వచ్చాను. పైమాలా, అంటే పై అంతస్తు మీద బాపు మగ్గాలు ఎనిమిదీ నడుస్తున్నాయి. కింద గదిలో అమ్మ మంచం మీది దుప్పటి దులుపుతోంది. తెల్లటి సున్నపు పొడి.

"ఇదేందమ్మా?"

"రోజు రాల్తది బిడ్డా. సాంచాలు నడుస్తుంటె రాలదా?" అంది. మరమగ్గాల్ని మావాళ్ళు సాంచాలంటారు.

తలెత్తి చూశాను. మంచానికి సరిగ్గా పైన కాంక్రీటు దూలం. అది గోడలోకి దిగేచోట ఏటవాలుగా ఒక బీట. నిలువు బీటయితే అంత భయపడేదాన్ని కాదు. దూలం కొసన ఏటవాలు బీట ఉందంటే అది బరువు మోయలేకపోతోందని ఏ ఇంజనీరైనా అనుమానిస్తాడు.

పైకి వెళ్ళి బాపును కిందికి పిలుచుకొచ్చాను. ఆయన బీట చూసి, నన్ను చూసి నవ్వాడు.

"గిది ఎప్పటిదో. దీనికే సాంచాలు బందు వెడ్తరా?"

అంత మాట అనడానికి నా దగ్గరా రుజువు లేదు. సంచిలో గాజుముక్కలున్నాయి. బీటకు అడ్డంగా ఒకటి అతికి తేదీ రాశాను. మంచాన్ని గుమ్మం పక్కకు జరిపాను. గాజు పగిలితే వెంటనే మగ్గాలు ఆపాలని బాపును ఒప్పించి సైటుకు తిరిగి వెళ్ళాను.

ఆ తర్వాత ప్రతి రెండో రోజూ ప్రాజెక్టు కాలనీలోని ఎస్టీడీ బూత్ నుంచి పైమాలా మీది కార్ఖానాకు ఫోను చేసేదాన్ని. మగ్గాల మోతలో బాపు అరిచి చెప్పేవాడు: "మంచిగనే ఉంది. నువ్వు రంది వెట్టుకోకు." ఫోను పెట్టేశాక కాసేపు తేలిగ్గా ఉండేది. సొరంగంలోకి దిగగానే మళ్ళీ అదే దూలం కళ్ళముందు నిలిచేది. వాన పడినా, లారీ వెళ్ళి నేల అదిరినా అమ్మే గుర్తొచ్చేది.

నెల తర్వాత ఒక శుక్రవారం పొద్దున్నే ఇల్లు చేరాను. చెప్పులు విప్పకుండానే స్టూలెక్కి చూశాను. గాజు నిక్షేపంగా ఉంది. తేదీ కూడా నేను రాసినదే. కానీ గాజు మందంగా ఉంది, కిటికీ అద్దంలా. తేదీలో ఏడు అంకె ఉంది. నేను ఏడుకు నడుమ అడ్డగీత పెడతాను. దీనికి గీత లేదు.

బాపు చాయ్ తాగుతున్నాడు.

"ఇది నేను పెట్టిన గాజు కాదు బాపూ."

గ్లాసు కింద పెట్టాడు. "పలిగింది," అన్నాడు. "రెండు పలిగినయి."

"రెండా?"

"మూడు. మొదటిది నువ్వు వోయిన నాలుగు దినాలకే."

అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడిపోయింది. ఆమెకూ చెప్పలేదన్నమాట. మంచం మళ్ళీ పాత జాగాకే వచ్చింది. గుమ్మం దగ్గర అడ్డమవుతోందని ఆమే జరుపుకుందట.

"నీ మాట ఇనొద్దని కాదు బిడ్డా," అన్నాడు బాపు. "నువ్వు గుట్టలు, నీళ్ళు సూసెదానివి. ఇంటి సంగతి నీకేం ఎర్క అనుకున్న. సాంచాలు బందువెడ్తె పనోల్లు యాడికి వోతరు?"

నాకు కోపం కంటే భయమే ఎక్కువ వేసింది. తెల్లవారితే మగ్గాలు మొదలవుతాయి. పైకి వెళ్ళి ఫ్యూజులన్నీ పీకి నా హ్యాండ్‌బ్యాగులో వేసుకున్నాను. అమ్మను ఎదురింటి పెద్దమ్మ దగ్గర కూర్చోబెట్టాను. ఊళ్ళోనే నిజాంపురాలో ఇల్లు కడుతున్న ఒక మేస్త్రీని బతిమాలి, స్లాబుల కింద నిలబెట్టే ఇనుప జాకీలు నాలుగు తెచ్చి దూలం కింద బిగించాను. సందంతా జనం. "ఇంజనీరు బిడ్డ తండ్రి కార్ఖానానే బందు వెట్టింది," అని ఎవరో అన్నారు. నా లెక్క తప్పయితే? పనివాళ్ళందరి నోటికాడి కూడు తీసినదాన్నవుతాను.

మేస్త్రీ సుత్తితో దూలం ప్లాస్టర్ కొట్టాడు. లోపలి ఇనుము తుప్పు పట్టి పొరలు పొరలుగా ఊడింది. బాపు గోటితో గీకితే ఎర్రటి పొట్టు రాలింది. ఆయన చేతిని పంచెకు తుడుచుకుని, ఎదురింటికి వెళ్ళి అమ్మ పక్కన కూర్చున్నాడు.

మగ్గాల్ని గొలుసు కప్పీతో ఒక్కొక్కటే దించి, ఊళ్ళోనే నార్పోలిలో నేల మీది షెడ్డుకు చేర్చడానికి వారాలు పట్టింది. ఈలోగా ఒక పనివాడు పని లేక తన ఊరికి వెళ్ళిపోయి మళ్ళీ రాలేదు. పిల్లలున్నవాడు. అతని సంగతి ఇప్పటికీ మనసులో గుచ్చుకుంటుంది. మేముండే అద్దె ఇంటి యజమాని పైమాలా తీసేసి రేకులు వేశాడు. ఆ దూలం నిజంగా పడేదో, ఇంకో పదేళ్ళు నిలిచేదో నాకు తెలియదు.

ప్రాజెక్టులో మాత్రం అప్పటినుంచీ నా కళ్ళతో చూడని కొలత కింద సంతకం పెట్టలేదు. ప్రమోషన్లు వచ్చి, పై ఆఫీసులో కూర్చోవాల్సిన రోజుల్లో కూడా సొరంగంలోకి దిగేదాన్ని. మేడమ్‌కు అనుమానమెక్కువ అని చాటున నవ్వుకునేవారు. మా బాపు లాంటి మంచివాడే గాజు మార్చాడని వాళ్ళకెలా చెప్పను?

అప్పట్లో మగ్గాలు చేరాక నార్పోలి షెడ్డుకు నేను మొదటిసారి వెళ్ళినప్పుడు బాపు నన్ను కూర్చోనివ్వలేదు.

"జర గోడలు సూడు బిడ్డా."

"నేల మీదే ఉంది కదా బాపూ. కింద గట్టి మొరం. భయం లేదు."

"అయినా ఓసారి సూడు."

ఆయన టార్చి పట్టుకున్నాడు. నేను ప్రతి మూలా తట్టి చూస్తూ నడిచాను.