మామ అనని మాట

అరవై ఏళ్లకు పైగా ఒక అబద్ధాన్ని కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను. ఇప్పుడు నాకు తొంభైకి దగ్గర. మనవరాళ్లు వచ్చి, "ఇంత కాలం బతికినావు, మాకో మంచి మాట చెప్పవ్వా" అని అడిగినప్పుడల్లా మాట మార్చేస్తాను. ఒక పెద్దాయన మాటను నేనేం చేశానో వాళ్లకు తెలియదు. కట్టుకున్నవాడికి కూడా చెప్పలేదు. మీకు చెబుతాను.

మాది ముదిగుబ్బ పక్క పల్లె. యాభైల్లో సంగతి. మా మామకు అప్పటికే తొంభై ఉంటాయి. ఎప్పుడు విత్తాలో, ఎప్పుడు ఆగాలో ఊరంతా ఆయన్నే అడిగేది. పక్షవాతం వచ్చి మంచాన పడ్డాక మాట ముద్దముద్దగా అయిపోయింది. అన్నం పెట్టి, నీళ్లు పోసేదాన్ని కాబట్టి నాకొక్కదానికే అర్థమయ్యేది. ఎవరొచ్చినా ఆయన చెప్పేవాడు, నేను విప్పి చెప్పేదాన్ని. నిజం చెప్పొద్దూ, అందులో నాకు కాస్త గర్వం కూడా ఉండేది.

మాకొక ఎద్దు, పక్కింటి ఓబుళమ్మకొక ఎద్దు. రెంటినీ ఒక కాడికి కట్టి, వంతులవారీగా రెండిళ్ల చేలూ విత్తుకునేవాళ్లం. ఓబుళమ్మ మా ఆయనకు చెల్లెలి వరస. మొగుడు పోయిన మనిషి, ఇద్దరు ఆడపిల్లలు. ఆ ఏడు మొదటి వంతు ఆమెది.

తొలి వాన పడిన మర్నాడు పొద్దున్నే వచ్చింది. "పెద్దనాయనా, ఇంట్లో ఉండేది ఈ ఇత్తనమొకటే. యేయల్లా, ఆగల్లా?"

"ఆగమను. జానెడు లోతు తడి లేదు. ఇంకో వాన రానీ," అన్నాడు మామ.

"ఏమంటాండాడు వదినా?"

ఆమె ఆగితే ఏమవుతుంది? ఇంకో వాన పడినప్పుడు ఎద్దులు ముందు ఆమె చేలోకి పోతాయి. మా ఎర్రనేలలో పదును రెండు మూడు రోజులకు మించి నిలవదు. మా వంతు వచ్చేసరికి చేను ఆరిపోతుంది. ఇంత లెక్క నా తలలో ఒక్క క్షణంలో ఎట్లా తిరిగిందో! ముందే అనుకున్నానా? ఎన్నిసార్లు తవ్వుకున్నా నాకే తెలియడం లేదు.

"యేసేయమంటాండాడు," అన్నాను.

మామ కదిలే చేత్తో మంచం పట్టె మీద దబదబా కొట్టాడు. ఓబుళమ్మ నవ్వింది. "ఏమప్పా అంత తొందర! పోతాండాలే పెద్దనాయనా," అంటూ వెళ్లిపోయింది. ఆపలేదు నేను. ఛీ, ఆ పూటకైనా నా నోరు పడిపోలేదే!

నెల దాకా చినుకు లేదు. ఆమె చేలో మొలిచినవన్నీ మాడిపోయాయి. తర్వాత వాన పడింది. ఎద్దులు తీరిగ్గా ఉన్నాయి, మేము విత్తుకున్నాం. మాకు వేరుశనగ కాయ బాగానే వచ్చింది. ఆమె చేను బీడుగానే ఉంది.

ఇంటికి తాళం పెట్టి, పిల్లల్ని తీసుకుని మైసూరు వైపు కూలికి పోతూ, చెప్పిపోదామని వచ్చింది. "నీ మాట నమ్మి యేసినా పెద్దనాయనా. ఇట్లాయ," అంది. కోపం లేదు గొంతులో.

మామ నావైపే చూస్తూ, "నువ్వే చెప్పు," అన్నాడు.

"ఏమంటాండాడు?"

"తప్పయిపాయ, మన్నించు అంటాండాడు."

"అయ్యో, అంత మాటా! పెద్ద వయసు, ఏమో పొరపాటాయ," అని ఆమె మామ కాళ్లు కళ్లకద్దుకుంది. ఆయన కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. పశ్చాత్తాపపడుతున్నాడనుకుంది, పిచ్చితల్లి.

ఆ తర్వాత ఊళ్లో ఎవరూ ఆయన్ను ఏమీ అడగలేదు. ఆయన కూడా నాతో ఒక్క మాట మాట్లాడలేదు. దాహమైతే చెంబు వైపు చేయి చూపేవాడు. నాలుగు నెలలకు పోయాడు. ఓబుళమ్మ తిరిగి రానే లేదు.

మా మామ తప్పు చెప్పలేదు. మన్నించమనీ అనలేదు. ఆ రెండు మాటలూ నావే. ఓబుళమ్మ వినవలసింది మీరు విన్నారు. గుండె కాస్త తేలికయింది, అందుకు కూడా సిగ్గుగానే ఉంది.