బావ బరువు

షెడ్డులో అందరూ అతన్ని బెత్తెడు అనే పిలుస్తారు. వచ్చిన ప్రతి కుర్రాడూ కారు ఇంకో బెత్తెడు కిందికి దించమని ప్రాణం తీస్తాడు మరి. నేలను రాసుకుంటూ పోతే గొప్పవాళ్లమైపోతామని వాళ్ల భ్రమ. ఆ భ్రమ మీదే అతనింట్లో పొయ్యి వెలుగుతోంది కాబట్టి అతను నోరు మెదపడు.

అతనికి కారు కింద పడుకోవడం ఇష్టం. అక్కడ వెలుతురు నీళ్లలోంచి వచ్చినట్టు పలచగా వస్తుంది. వీధి చప్పుళ్లు ఎక్కడో అవతలి గట్టు నుంచి వినిపిస్తాయి. షాకబ్జార్బర్ ఒంటినిండా బోల్టుకున్నట్టు సన్నటి మర, దాని చుట్టూ స్ప్రింగు, స్ప్రింగు కింద ఒక రింగు. రింగు పైకి తిప్పితే కారు లేస్తుంది, కిందికి తిప్పితే దిగుతుంది. చెప్పడానికి ఇంతే. అతను తిప్పుతుంటే మాత్రం, నిద్రపోతున్న పిల్లకి దుప్పటి సర్దుతున్నట్టే ఉంటుంది.

ఆ మధ్యాహ్నం అక్క కారు తెచ్చింది. అతను దాన్ని ఇంకా బావ కారనే అంటాడు. బావ పోయాక అక్క పట్టుబట్టి డ్రైవింగ్ నేర్చుకుంది.

“ఏరా, ఇది మళ్లీ ఎడమపక్కకి ఒరుగుతోంది. పోయినసారి ఏం చేశావ్, అద్దాలు తుడిచావా?”

“స్ప్రింగులు పాతబడ్డాయక్కా. కుదురుకుంటాయిలే.”

“అవి కుదురుకునేలోపు నా నడుం పడిపోతుంది. రేపు మా మరిది వస్తున్నాడు, కారు తీసుకుపోతాడట. ‘అది అన్నయ్య బండి వదినా, నీకు లొంగదు’ అంటాడు. ఇలాగే ఒరిగితే తాళాలు ఇచ్చేస్తా. ఇవ్వక ఏం చెయ్యను? మలుపు తిరిగినప్పుడల్లా గుండె నోట్లోకొస్తోంది.”

తప్పు స్ప్రింగులది కాదని అతనికి తెలుసు. ఈ కారు ఎత్తు సరిచేసిన రోజు బావను డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి చేశాడు. ఖాళీ కారుని ఎవడైనా సమంగా నిలబెడతాడు, నడిపే మనిషి ఎక్కాక కదా అసలు సంగతి! బావ భారీ మనిషి. ఆయన ఎక్కితే కారు నిట్టూర్చేది. “ఒరేయ్ బావమరిదీ, ఊపిరి పీల్చుకోవచ్చా, దానికీ కొలతుందా?” అని పొట్ట ఊపుకుంటూ నవ్వితే కారూ ఊగేది. ఆ ఊగుడు ఆగేదాకా అతను టేపు పట్టుకుని కూర్చున్నాడు. అలా ఆయన బరువుకి కుదిర్చిన కారుని ఇప్పుడు పుల్లలాంటి అక్క నడుపుతోంది. అందుకే డ్రైవరుండే కుడిపక్క లేచిపోయి, కారు ఎడమకి ఒరుగుతోంది. ఎక్కువైన ఆ కాస్త ఎత్తులో బావ ఇంకా కూర్చునే ఉన్నాడని అతనికనిపిస్తుంది. దాన్ని ఏ చేత్తో తిప్పేస్తాడు? ఇలాంటివి పైకి అంటే జనం పిచ్చివాడంటారు. అనకపోతే పనిరానివాడంటారు. అతను రెండోదానికి సిద్ధపడ్డాడు.

అయినా జాకీ పెట్టాడు. చక్రం విప్పి, మర మీద ఎండిన మట్టిని ఇనుప బ్రష్షుతో రుద్ది, నూనె చుక్క వేసి, స్ప్రింగు రింగు జారకుండా దాని కింద బిగించి ఉన్న లాక్ రింగును వదులు చేశాడు. స్ప్రింగు రింగు కొంచెం కదిలింది. అతని కళ్లు మూతపడ్డాయి. వాన వెలిసిన రోడ్డు. ఒక చేత్తో స్టీరింగు తిప్పుతూ బావ ఏదో పాట తప్పుల తడకగా పాడుతున్నాడు. ఇంకాస్త తిప్పితే ఆ పాట ఆగిపోతుందనిపించింది. చెయ్యి ఆగిపోయింది. వెనక చక్రం దగ్గరా అంతే.

కారు దించి, అక్కను సీట్లో కూర్చోబెట్టి, ముందుకీ వెనక్కీ తోసి స్ప్రింగుల్ని సర్దుకోనిచ్చాడు. “అయిపోయింది,” అన్నాడు.

అక్క తల బయట పెట్టింది. “కొలవవేం?”

“కంటితో చూశాగా.”

“నీ కంటి సంగతి నాకు తెలీదా? సగం దించి ఆపావు. మీ బావ కోసమేనా?”

అతను చేతులు తుడుచుకుంటున్నాడు. తుడిచిన చోటే మళ్లీ తుడుస్తున్నాడు.

“ఒరే పిచ్చి సన్నాసీ! ఆయనున్నన్నాళ్లూ మంచమంతా ఆయనదే, నేను అంచున పడుకునేదాన్ని. ఇప్పటికీ అంచునే పడుకుంటున్నా, తెలుసా? కారులో కూడా అలాగే ఉండమంటావా?” స్టీరింగును రెండు చేతులా పట్టుకుంది. “మా మరిది చేతిలో పడితే ఎల్లుండికల్లా తన బరువుకి తిప్పించుకుంటాడు. అప్పుడు నీ బావ ఎక్కడుంటాడు? నా బరువుకి చెయ్యి.”

అతను మళ్లీ జాకీ పెట్టి, చక్రాలు విప్పి కిందికి దూరాడు. ఈసారి కళ్లు మూసుకోలేదు. రింగు తిరుగుతున్నకొద్దీ పాట ఆగలేదు గానీ, మలుపు దాటిన కారు హారనులా దూరమైంది. లాక్ రింగులు ప్రస్తుతానికి చేత్తో బిగించి, చక్రాలు పెట్టి, కారు దించి, అక్కను సీట్లో కూర్చోబెట్టి కొలిచాడు. రెండు పక్కలా ఒకటే.

అక్క వీధి చుట్టి వచ్చింది. ముఖాన చెమటా, పెదవి మీద నవ్వూ. ఇంజను ఆపేలోపే ఫోను మోగింది.

“వదినా, రేపు పొద్దున్నే వచ్చేస్తున్నా,” అంది మరిది గొంతు.

“రావయ్యా, తప్పకుండా రా. కారులో ఊరంతా తిప్పుతా. కానీ వెనక సీట్లో కూర్చోవాలి సుమా.”

అతను నవ్వాపుకుంటూ జాకీ లాక్కొచ్చాడు. చక్రం విప్పి, లాక్ రింగుకి స్పానరు తగిలించి తలెత్తాడు.

“బిగించేయనా అక్కా?”

“బిగించెయ్.”

మణికట్టు నొప్పెట్టేదాకా బిగించాడు.