శనివారం గడిలో పద్నాలుగు గీతలు

ప్రియ సహోదరులారా, సహోదరీలారా, సిగ్గుపడే సంగతి చెప్పబోతున్నాను, అయినా దేవుడు చేసిన మేలును దాచడం అంతకన్నా పెద్ద సిగ్గు.

మలద్వారానికి పైనున్న పేగులో క్యాన్సరు గడ్డ లేస్తే డాక్టర్లు ఆ ముక్క కోసి తీశారు, మలం పడేందుకు ఏడు నెలలు పొట్టకు సంచి కట్టుకుని బ్రతికాను, పేగు మళ్ళీ కలిపి సంచి తీసేసిన రోజున కష్టం తీరిందని స్తోత్రం చెప్పాను, కానీ అసలు చీకటి అప్పుడే మొదలైంది! రోజుకు పది పన్నెండు సార్లు పరుగు, ఆపుకోవడం చేతకాదు. పుంగనూరు మందిరంలో ముప్పైయెనిమిదేళ్లు ముందు చాప మీద కూర్చున్నదాన్ని, చెప్పులు విడిచే గుమ్మం దగ్గరికి జరిగాను, చివరికి మందిరానికి వెళ్లడమే మానేశాను, రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభువు బల్లకు దూరమయ్యాను.

"ప్రభువా, ఒక్క ఆరాధన ముగిసేదాకా నన్ను నీ సన్నిధిలో కూర్చోనివ్వవా" అని ఏడ్చేదాన్ని.

నాకు లెక్క లేకపోతే తోచదు. గోడ మీది వాక్యాల క్యాలెండరులో, దొడ్డికి వెళ్లినన్ని సార్లు ఆ రోజు గడిలో గీతలు గీసేదాన్ని. స్వస్థత కోసం ప్రతి శుక్రవారం ఉపవాసం పట్టాను, పగలంతా ఉత్త కాఫీ, సాయంత్రం ప్రార్థన ముగించి కడుపునిండా రాగిముద్ద, ఎర్రకారం.

ఒకసారి మదనపల్లె ఆసుపత్రికి ఆ క్యాలెండరు చుట్టి తీసుకువెళితే నర్సమ్మ విప్పి చూసింది.

"అవ్వా, ప్రతి శనివారం సూడు, పద్నాలుగు గీతలుండాయి. ముందురోజు ఏం తింటాండావు?"

"పగలు ఏమీ తినను తల్లీ, ఉపవాసం, కాఫీ మాత్రమే. రాత్రికి ముద్ద, కారం."

"ఉండేదే కొంచెం పేగు, దానికి ఇంత పరీక్ష యాల పెడతాండావు? వేళకు కొంచెం కొంచెం తిను, ఆ కాఫీ, కారం మానుకో."

ప్రార్థన మానమంటుందేమోనని కోపమొచ్చింది. పాస్టరుగారితో చెబితే ఆయన నవ్వి, "ప్రార్థన మానమనలేదు కదమ్మా, కాఫీ మానమనింది" అన్నారు. సహోదరులారా, నేను ఏడ్చి అడిగిన జవాబు నా చేతి గీతల్లోనే ఉంది!

అప్పటినుంచి వేళకు కొంచెం కొంచెం మెత్తటి అన్నం, పెసరపప్పు, డాక్టరిచ్చిన మాత్ర. ఆపుకునే కండరాలు బిగించి వదిలే వ్యాయామం నర్సమ్మ నేర్పింది, ఒక్కో బిగింపుకు సంఘంలో ఒక్కో బిడ్డ పేరు తలచి ప్రార్థించాను. మొదటి నెల ఏమీ మారలేదు, అయిదో నెలకు గడికి నాలుగు గీతలు! ఇప్పటికీ అంతే, పాత పేగు తిరిగి రాదు, నాకు ఇది చాలు.

ఈ ఉదయం పుంగనూరులో బస్సెక్కి, చెల్లెలి మనవరాలి బాప్తిస్మానికి మీ కుప్పం వచ్చాను. దారిలో ఒక్కసారి కూడా బస్సు ఆపమనలేదు, మొదటి పాటనుంచి ఈ ముందు చాప మీదే ఉన్నాను, ఇప్పుడు ప్రభువు బల్లకూ వస్తాను. దేవునికే మహిమ!

మీలో ఎవరైనా ఇదే బాధతో గుమ్మం దగ్గర కూర్చుని ఉంటే, ప్రభువుకు చెప్పండి, డాక్టరుకూ చెప్పండి, దాచకండి. నా పక్కన చాప మీద చోటుంది, రండి.